మాయ ఉన్న చిన్న ఊళ్ళో ప్రేమకథ రాయాలంటే: మీ పోస్ట్‌మాస్టర్ గారి గురించి

మీరు అడిగినది ముందు ఒకసారి చెప్పుకుంటాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. మీ నాయిక హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, అమ్మమ్మ పోయాక ఆవిడ నడిపిన పూతరేకుల కొట్టు చూసుకోవడానికి ఆత్రేయపురం దగ్గరున్న ఒక ఊహాజనిత ఊరికి వస్తుంది. కొట్టు మేడ మీద గదిలో 1986 వరదల్లో పోయిన ఒక కుర్ర పోస్ట్‌మాస్టర్ ఆత్మ ఉంటుంది. ఇద్దరికీ ప్రేమ. 12 అధ్యాయాలు అయ్యాయి. చదివినవాళ్ళలో కొందరు భయం వేస్తోందంటున్నారు, కొందరు ఏమీ జరగట్లేదంటున్నారు. ఇంగ్లీషులో కోజీ పారానార్మల్ రొమాన్స్ (మాయ ఉన్నా భయపెట్టకుండా హాయిగా సాగే ప్రేమకథ) చదివినప్పుడు మీకు కలిగిన హాయి మీ తెలుగు నవలలో ఎందుకు రావట్లేదన్నది మీ ప్రశ్న.

మీరు పంపిన అధ్యాయాలన్నీ రెండుసార్లు చదివాను. మీ వాక్యం బాగుంది, కొట్టు బాగుంది, అమ్మమ్మ వంటగది కళ్ళకు కట్టింది. ఇబ్బందంతా ఒక్కచోటే ఉంది. మీ నాయకుడు చనిపోయిన మనిషి. తెలుగు పాఠకుల దగ్గర ఆ ఒక్క విషయం మిగతా అన్నిటినీ తన వైపు లాగేసుకుంటుంది.

ఎందుకో చెప్తాను. ఇంగ్లీషులో రొమాన్స్ నవల అంటే రెండే షరతులు. కథకి ప్రేమే కేంద్రం కావాలి, చివర మనసుకి తృప్తినిచ్చే ఆశావహమైన ముగింపు ఉండాలి. అమెరికాలో రొమాన్స్ రచయితల సంఘం పెట్టుకున్న నిర్వచనం కూడా ఇదే. దానికి కోజీ అనే మాట చేరిస్తే ఇంకో మాట ఇచ్చినట్టు: ఈ పుస్తకంలో నీకు దడ పుట్టించను, నిన్ను జాగ్రత్తగా ఇంటికి చేరుస్తాను అని. ఆత్మతో ప్రేమ అయితే చివర ఏం చేస్తారు? అతను బతికి రావాలి, లేదా ఆ అమ్మాయి చనిపోవాలి, లేదా అతను వెళ్ళిపోవాలి. మొదటిది మోసంలా ఉంటుంది. రెండోది చదవలేం. మూడోది మంచి కథే అవుతుంది గానీ, మీరు మాట ఇచ్చిన కథ కాదు.

ఇంగ్లీషు రచయితలు అప్పుడప్పుడు దీన్ని నెట్టుకొస్తారు. అక్కడ పాతింట్లో ఆత్మ ఉందంటే అది ఆ ఇంటికి ఒక అలంకారంలా కూడా ఉండగలదు. మన దగ్గర అలా కుదరదు. మన ఇళ్ళలో పోయినవాళ్ళని పంపించాలి. పదో రోజు, పన్నెండో రోజు, మాసికాలు, తద్దినం అన్నీ అందుకే. ఒక ఆత్మ ఇక్కడే ఉండిపోయిందంటే దానికి ఏదో తీరలేదని, ఎవరో చేయాల్సింది చేయలేదని మనకి చిన్నప్పటి నుంచే తెలుసు. అందుకే మీ పాఠకులకి మీ పోస్ట్‌మాస్టర్‌ని చూస్తే ప్రేమకన్నా ముందు జాలి వస్తుంది, జాలి పక్కనే భయం వస్తుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నేను సీరియల్స్ రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక పాత బంగళా, అందులో ఒక యువకుడి ఆత్మ, అద్దెకి దిగిన లెక్చరరు అమ్మాయి అని రాశాను. చాలా ఇష్టంగా రాశాను. ఇరవయ్యో భాగం దగ్గర ఒక పెద్దావిడ నాకు ఉత్తరం రాశారు: "అమ్మా, కథ బాగుంది. కానీ ఆ అబ్బాయికి ఎవరూ లేరా? ఒక్కరైనా తద్దినం పెట్టరా?" నా దగ్గర జవాబు లేదు. ఆ ఉత్తరం చదివాక ఆ ఇద్దరి మధ్య ఒక్క సరసమైన సన్నివేశం కూడా రాయలేకపోయాను. ఎలాగో ముగించాను. ఇప్పటికీ ఆ సీరియల్‌ని పుస్తకంగా వేయలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. తెలుగులో అతీంద్రియ నవల అనగానే ఒక తరానికి తులసిదళం, కాష్మోరా, వారపత్రికల్లో క్షుద్ర సీరియల్స్ గుర్తొస్తాయి. తర్వాతి తరానికి హారర్ కామెడీ సినిమాలు. మీరు తెలియకుండానే ఆ సరుకంతా వాడారు. రెండో అధ్యాయంలో అర్ధరాత్రి మల్లెపూల వాసన, దూరంగా కుక్క ఏడుపు, మెట్ల మీద ఎవరో నడిచిన చప్పుడు. ఈ మూడిట్లో ఏ ఒక్కటి కనబడినా తెలుగు పాఠకుడు దుప్పటి కప్పుకుంటాడు. తర్వాత మీరు ఎంత తియ్యగా రాసినా ఆ దుప్పటి తీయడు. మీ మాయని రాత్రి నుంచి తీసేసి ఉదయం పది గంటలకి పెట్టండి. పొయ్యి దగ్గర, వెలుతురులో, పక్కింటావిడ చింతపండు అడగడానికి వచ్చినప్పుడు జరగాలి. ఈ ఒక్క మార్పుతోనే మీ భయం ఫిర్యాదులు చాలావరకు పోతాయి.

అలాగని మన దగ్గర మాయ అంతా భయమేనా అంటే, అస్సలు కాదు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసి, ఆ పుట్టమన్ను తెచ్చి పిల్లల చెవులకి రాస్తాం. పాము అంటే ప్రాణభయం ఉన్నవాళ్ళే ఆ పని చేస్తారు. రైలు గోదావరి వంతెన ఎక్కగానే పెట్టెలో సగం మంది కిటికీలోంచి నాణెం వేసి దండం పెడతారు, మళ్ళీ వచ్చి పల్లీలు తింటారు. ఊరి పొలిమేరలో అమ్మవారికి చల్ది నైవేద్యం పెట్టి, ఇంటికొచ్చి టీవీ చూస్తారు. కంటికి కనబడని దానితో ఇంత చనువుగా బతికే ఊళ్ళు మనవి. ఆ చనువే మీకు కావాల్సిన హాయి. ఇంగ్లీషు రచయితలు కూర్చుని కష్టపడి కల్పించుకునే దాన్ని మీ నాయిక అమ్మమ్మ ఊరు మీకు ఊరికే ఇస్తోంది.

కాబట్టి మాయ ఊరిది కావాలి. ఒక్క మనిషికో ఒక్క గదికో చెందిన రహస్యం అయితే అది సస్పెన్స్ అవుతుంది. ఊరందరికీ తెలిసి, అలవాటైపోయి, దాని చుట్టూ చిన్న చిన్న మర్యాదలు పుట్టుకొస్తే అది కోజీ అవుతుంది. సారా ఆడిసన్ ఆలెన్ 2007లో రాసిన గార్డెన్ స్పెల్స్‌లో నార్త్ కరోలినాలోని ఒక ఊరు ఉంది. అక్కడ ఒక కుటుంబం పెరట్లో ఆపిల్ చెట్టు ఉంటుంది. దాని పండు తింటే తమ జీవితంలో అతి పెద్ద ఘట్టమేదో కనబడుతుంది. నాకు ఆ చెట్టుకన్నా ఊరివాళ్ళు ఆ కుటుంబంతో మెలిగే తీరు ఎక్కువ నచ్చింది. వింతగా చూస్తారు, కాస్త దూరంగా ఉంటారు, అవసరమైతే వచ్చి అడుగుతారు. మీరు చూడాల్సింది అదే.

మీ చేతిలో అంతకన్నా మంచి వస్తువు ఉంది, పూతరేకు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మీకు తెలిసే ఉంటుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తే కాగితంలా లేచే రేకు. మీరు దీన్ని మొదటి అధ్యాయంలో ఒక పేరా వర్ణించి వదిలేశారు. నన్నడిగితే మాయ మేడ మీద లేదు, ఆ కుండ మీద ఉంది.

ఒక ఉదాహరణ ఇస్తాను, నచ్చితే తీసుకోండి. ఆ కొట్టులో మడిచిన రేకు తిన్నవాళ్ళకి గొంతులో ఎన్నాళ్ళుగానో ఆగిపోయిన ఒక్క మాట బయటికి వచ్చేస్తుంది. ఒక్క మాటే. ఊళ్ళో ఇది అందరికీ తెలుసు. జీతం పెంచమని అడగలేని గుమస్తా ఆఫీసుకి వెళ్ళేముందు వచ్చి ఒక మడత తింటాడు. పెళ్ళిచూపులకి ఇక్కడి రేకులు పెట్టకూడదని ఊళ్ళో ఒక నియమం ఉంది, 1994లో ఎవరో పెట్టి రెండు కుటుంబాలు ఇప్పటికీ మాట్లాడుకోవట్లేదు. అప్పు ఎగ్గొట్టినవాడు ఈ వీధిలోంచి నడవడు. ఇలాంటివి ఒక ఇరవై ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. కథలో ఏడెనిమిదే వాడతారు, కానీ మిగతావి మీకు తెలిసి ఉండటం వల్ల ఊరు నిజంగా ఉన్నట్టుంటుంది.

మాయకి హద్దు పెట్టడం అన్నిటికన్నా ముఖ్యం. ఈ విషయంలో మనకి గురువు అల్లసాని పెద్దన. మనుచరిత్రలో ప్రవరుడు అరుణాస్పదపురం అనే ఊళ్ళో అతిథులకి అన్నం పెట్టుకుంటూ బతికే గృహస్థు. సిద్ధుడు ఇచ్చిన పాదలేపం రాసుకుని హిమాలయాలకి వెళ్తాడు. మంచుకి లేపం కరిగిపోతుంది, తిరిగి రాలేడు, అక్కడ వరూధిని ఎదురవుతుంది. ఒక చిన్న ఊరు, ఒక మాయ వస్తువు, దానికి ఒకే ఒక్క బలహీనత, ఆ బలహీనత లోంచే ప్రేమ ఘట్టం. ఐదు వందల ఏళ్ళ కిందటే కట్టిపెట్టారు. జపాన్‌లో తొషికాజు కవాగుచి నవలలో కాఫీ చల్లారేలోపు గతంలోంచి తిరిగి రావాలనే నియమం కూడా ఇలాంటిదే. మీ రేకుకి హద్దు వెతుక్కోనవసరం లేదు, దాని స్వభావంలోనే ఉంది. తడి గాలి తగిలితే రేకు మెత్తబడిపోతుంది. అంటే వానాకాలంలో మాయ పనిచేయదు. ఇంకో నియమం చేర్చండి: చేసిన మనిషి తాను చేసిన రేకు తింటే ఏమీ జరగదు. అప్పుడు ఊరందరి నోళ్ళూ విప్పించిన మీ నాయిక, తన మాట మాత్రం మాయ సాయం లేకుండా, వాన కురుస్తుండగా, తనే చెప్పుకోవాలి. మీ ప్రేమకథకి పతాక సన్నివేశం అదే.

పెద్దన దగ్గర తీసుకోకూడనిది కూడా ఒకటి ఉంది. ప్రవరుడు కాదన్నాక ఒక గంధర్వుడు అతని రూపంలో వచ్చి వరూధినిని చేరతాడు. కావ్యంగా అది గొప్ప మలుపు. ఈ రోజు రొమాన్స్‌లో మారువేషంతో గానీ మందుతో గానీ మంత్రంతో గానీ ప్రేమ సంపాదించిన మనిషిని పాఠకురాలు క్షమించదు, క్షమించకూడదు కూడా. మీ తొమ్మిదో అధ్యాయంలో పోస్ట్‌మాస్టర్ ఆ అమ్మాయి కలల్లోకి అడగకుండా వస్తాడు. అది తీసేయండి.

సరే, మరి నాయకుడెవరు? మీరే రాశారు, గుర్తుపట్టలేదు. మూడో అధ్యాయంలో లొల్ల దగ్గరున్న కాలవ లాకుల నుంచి సైకిల్ మీద వచ్చి, తడిసిన కాగితాలు పొయ్యి దగ్గర ఆరబెట్టుకోవచ్చా అని అడిగే ఇరిగేషన్ ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు. ఒకటిన్నర పేజీ ఉన్నాడు. ఆ ఒకటిన్నర పేజీలో మీ నాయిక మొదటిసారి నవ్వింది. లస్కర్లతో, అంటే కాలవ గట్లు చూసుకునే పనివాళ్ళతో, అతను మాట్లాడే తీరు, అడిగి లోపలికి రావడం, వెళ్తూ నేల తుడిచి వెళ్ళడం, ఇవి రాసినప్పుడు మీ చెయ్యి తేలిగ్గా నడిచింది, చదువుతుంటే తెలిసిపోతోంది. అతనికి కూడా చిన్న మాయ ఒకటి ఇవ్వండి. గట్టు మీద చెయ్యి పెడితే నీళ్ళ మనసు తెలుస్తుందనుకోండి. వాళ్ళ తాత లస్కరు, ఆయనకీ తెలిసేది. అతను ఆఫీసులో ఎవరికీ చెప్పుకోలేడు, నీటిమట్టం కొలిచే గేజీ చూసే రాశానంటాడు.

ఇక పోస్ట్‌మాస్టర్ గారు. ఆయన్ని తీసేయమనట్లేదు. ఆయనే మీ నవలకి గుండె, నాయకుడు మాత్రం కాదు. 1986 ఆగస్టు వరదల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది, కోనసీమలో గట్లు తెగాయి. మీ కథలో ఆయన ఉత్తరాల సంచి కాపాడబోయి కొట్టుకుపోయాడు, శరీరం దొరకలేదు. బయటి ఊరివాడు, బంధువులెవరో తెలియదు. అంటే ఎవరూ ఏమీ చేయలేదు. తర్వాత 1991లో గోదావరి పుష్కరాలు వచ్చాయి, 2003లో వచ్చాయి, 2015లో వచ్చాయి. మూడుసార్లు ఊరు ఊరంతా నది దగ్గరకి వెళ్ళి తమవాళ్ళ పేర్లు చెప్పి పిండాలు వదిలింది. ఆయన మేడ మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. నాయిక అమ్మమ్మకి తెలుసు, రోజూ మేడ మెట్టు మీద ఒక కాఫీ గ్లాసు పెట్టేది. ఊళ్ళో పిల్లలు పరీక్ష హాల్‌టికెట్ పోస్టులో రాకపోతే ఆ మెట్టు దగ్గరకొచ్చి "మాస్టారూ, కాస్త చూడండి" అని వెళ్తారు. ఇలా రాస్తే ఆయన్ని చూసి ఎవరికీ భయం వేయదు. ఊరికి ఆయన మీద ప్రేమ ఉంది, ఊరు ఆయనకి బాకీ కూడా ఉంది.

తర్వాతి పుష్కరాలు 2027లో. మీ కథని అక్కడ పెట్టండి. పిండప్రదానానికి పేరు కావాలి, గోత్రం తెలిస్తే అదీ చెప్పాలి. ఆయనకి ఆ సంచిలో మిగిలిన ఉత్తరాలు గుర్తున్నాయి గానీ తన ఇంటివాళ్ళ చిరునామా గుర్తులేదు. నాయికా, ఏఈ కలిసి ఆ పేరు వెతకాలి. పాత రికార్డులు, రిటైరైన పోస్ట్‌మన్, ఉత్తరం అందని ఒక ముసలావిడ. ఇద్దరూ దగ్గరయ్యేది ఈ వెతుకులాటలోనే. "ఏమీ జరగట్లేదు" అన్నవాళ్ళకి ఇదే సమాధానం. కోజీలో ప్రమాదం ఉండకూడదు గానీ పని ఉండాలి. గడువు ఉండాలి. పన్నెండేళ్ళకోసారి వచ్చే గడువుకన్నా మంచిది ఎక్కడ దొరుకుతుంది?

పుష్కరాలతో కథ అయిపోకూడదు. ఆయన వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోతుంది, వానలు ముదురుతాయి, రేకులు లేవవు, కొట్టు మూసుకోవాల్సి వస్తుందేమో అనిపిస్తుంది. అప్పుడు ఆగస్టు వరద. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. మీ నవలలో గోదావరి రెండో హెచ్చరిక దాటకూడదు. మూడోది ఎగరేశారంటే అది వేరే నవల అవుతుంది, 1986 చూసినవాళ్ళకి అందులో హాయి ఉండదు. రెండో హెచ్చరిక రాత్రి ఏఈ గట్టు మీద ఉంటాడు, ఆ అమ్మాయి ఫ్లాస్కులో టీ పట్టుకుని వెళ్తుంది. చెప్పాల్సిన మాట అక్కడ చెప్పాలి.

ఆ మాటకి ముందు ఇంగ్లీషులో లేని ఒక ఆయుధం వాడండి. మీరు, నువ్వు. మీ డ్రాఫ్టులో నాయిక రెండో కలయికకే "నువ్వు" అనేసింది. అది ఇంగ్లీషు చదువుల అలవాటు, అక్కడ ఆ తేడా లేదు కాబట్టి గమనించరు. మన ప్రేమకథలో "మీరు" లోంచి "నువ్వు" లోకి వచ్చే క్షణం ముద్దుకన్నా పెద్దది. దాన్ని పుస్తకంలో మూడొంతుల్లో రెండొంతులు అయ్యేదాకా ఆపండి. మధ్యలో ఒకసారి పొరపాటున నోరు జారి "నువ్వు" అని, వెంటనే "మీరు" అని సర్దుకోనివ్వండి. ఆ రోజు రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టదు, పాఠకులకీ పట్టదు. గోదావరి యాసలో "అండి" కూడా ఇలాగే పనికొస్తుంది. ప్రతి వాక్యానికీ "ఆయ్" తగిలించకండి, అది సినిమా వేషం. పెద్దవాళ్ళ నోట అక్కడక్కడా చాలు.

ఒక్క విషయం బరువుగానే చెప్తాను. చిన్న ఊరు అందరికీ హాయి కాదు. ఎవరి వీధి ఏదో, ఎవరు ఏ అరుగు మీద కూర్చోగలరో, ఎవరికి గ్లాసు విడిగా ఉంటుందో తెలిసి పెరిగినవాళ్ళు కూడా మీ నవల చదువుతారు. వాళ్ళకి ఆ ఊరు అబద్ధంలా కనబడితే పుస్తకం మూసేస్తారు, తప్పు వాళ్ళది కాదు. దీనికోసం ఉపన్యాసం అక్కర్లేదు. కొట్టు ముందు ఒకే బల్ల ఉండాలి, నాయిక అమ్మమ్మ దాన్ని ఎందుకు ఒకటే పెట్టిందో, పెట్టిన మొదటి ఏడాది ఎంతమంది కొట్టుకి రావడం మానేశారో ఒక్క పేజీలో ఎవరైనా చెప్పాలి. రేకు తిన్నాక బయటికొచ్చే మాటల్లో ఒకటి ఆ విషయం మీదే కావాలి. ఊరి హాయి ఊరికే రాలేదని, ఎవరో ఒకరు దాన్ని కష్టపడి కట్టారని తెలిస్తే చదివేవాళ్ళకి ఆ బల్ల మీద తమకీ చోటుందనిపిస్తుంది.

సీరియల్‌గా వేస్తానన్నారు కాబట్టి ఒక చిన్న సూచన. ప్రతి భాగం చివరా తలుపు చప్పుడుతో ఆపకండి. ఎవరో ఒకరు చెప్పబోయి ఆగిన మాట దగ్గర ఆపండి. ఈ కథకి అదే తగిన ఉత్కంఠ.

రాసిన 12 అధ్యాయాలు పారేయనక్కర్లేదు. కొట్టు, వంటగది, అమ్మమ్మ జ్ఞాపకాలు అలాగే ఉంటాయి. ముందు మూడో అధ్యాయం ఒక్కటి తిరగరాయండి, ఏఈ తడిసిన కాగితాలతో వచ్చే చోటు నుంచి, పగటి వెలుతురులో. ఆ తర్వాత కూర్చుని పోస్ట్‌మాస్టర్ గారికి ఒక పేరు ఆలోచించండి. మీరు పంపిన పేజీలన్నీ వెతికాను, ఆయన పేరు ఎక్కడా లేదు.